మూడు తెల్ల గీతలు

"ఒక్క మాట చెప్పండి నాన్నా. పొరపాటున కోశారా, కావాలని కోశారా?"

పొద్దుటినుంచి ఈ ప్రశ్న ఎన్నిసార్లు వినబడిందో కోడలు లెక్కపెట్టడం మానేసింది. అడిగేది ఆమె మొగుడు, అడిగించుకునేది ఆమె మామగారు. అడుగుతున్నవాడి గొంతు అంతకంతకూ పెరుగుతోంది. వింటున్నాయన మాత్రం బెల్లంకొట్టిన రాయిలా కుట్టుమిషను ముందు కూర్చుని సుద్దబిళ్ళని గోటితో గీకుతున్నారు.

ఇద్దరి మధ్యా కటింగ్ బల్ల ఉంది. బల్ల మీద ముదురు నీలం గుడ్డ. రాత్రి షాపు మూసేటప్పుడు ఒక్క ముక్కగా ఉన్న గుడ్డ తెల్లారేసరికి నాలుగు చదరాలూ కొన్ని పీలికలూ అయి కూర్చుంది.

అవేమిటో ఆ వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. నావికుల కాలర్లు. మెడ చుట్టూ కట్టుకుంటే వీపు మీద చదరంగా పరుచుకునే కాలర్లు. అంచు వెంబడి మూడు తెల్ల గీతలు పడితే పని పూర్తయినట్టే.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఆ గుడ్డ కాలర్లకి వచ్చింది కాదు. అసలు ఆ కాలరే లేని కొత్త యూనిఫారానికి వచ్చింది.

"మీకిష్టం లేకపోతే మొదట్లోనే చెప్పాల్సింది," అన్నాడు కొడుకు. "ఇంత కక్ష ఎందుకు? ఎవరి మీద? మన నోట్లో మనమే మట్టి కొట్టుకున్నాం."

"ఏవండీ, కాస్త గొంతు తగ్గించండి. లోపల అత్తయ్య ఉన్నారు."

"ఉంటే ఉండనీ. ఆయన చేసిన ఘనకార్యం అమ్మకీ తెలియద్దూ?"

మామగారు అప్పుడు తలెత్తారు. "మీ అమ్మని ఇందులోకి లాగకు," అన్నారు. అంతే, మళ్ళీ సుద్దబిళ్ళ.

కొడుకు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. అలా అవడానికి అతనికి కారణం లేకపోలేదు. నౌకాదళం బట్టలు మార్చేస్తోంది. బ్రిటిషువాళ్ళు వదిలిపోయిన తెల్లచొక్కా, చదరపు కాలరు, పాదాల దగ్గర గంటలా విచ్చుకునే లాగు ఇక ఉండవు. ముదురు నీలం చొక్కా, మామూలు కాలరు, ముందు గుండీలు, రెండు జేబులు. ఆడా మగా అందరికీ అదే కోత. వాటిని కుట్టే పనంతా తనకే ఇమ్మని పెద్ద మిల్లొకటి కూర్చుంది. నౌకాదళం గేటు బయటి దర్జీల పనితనం కూడా చూద్దామని, బట్టలు కొనే స్టోర్సు ఆఫీసరు ఈ షాపుకి ఒక్క జతకి సరిపడా గుడ్డ పంపించాడు. కుట్టిన జత ఈ సాయంత్రం స్టోర్సు మూసేలోగా ఆయన బల్ల మీద ఉండాలి. లేకపోతే పని మిల్లుకే పోతుంది. ఆ పని పోతే గేటు ముందు ఈ షాపు తీసినా ఒకటే, మూసినా ఒకటే.

ఆ గుడ్డ సంపాదించడానికి కోడలు చేసిన ప్రదక్షిణాలు ఇన్నీ అన్నీ కావు. ఇవాళ కాదు రేపన్నారు, ఆయన కాదు ఈయనన్నారు. చివరికి ఆమె పోరు పడలేక ఇచ్చారో, నిజంగా ఇవ్వాలనే ఇచ్చారో దేవుడికే తెలియాలి.

లాగు మొగుడు కుట్టేశాడు. చొక్కా మాత్రం మామగారే కోయాలి. ఛాతీకీ భుజానికీ ఆయన కత్తెర పడితే గుడ్డ ఒంటికి అతుక్కున్నట్టుంటుందని ఓడల మీద కూడా చెప్పుకుంటారు. ఆయనేమో "రేపు కోస్తాలే" అంటూ వచ్చారు. రేపు, మళ్ళీ రేపు. అలా రోజులు గడిచి, ఆఖరి రోజు పొద్దున గుడ్డ ఇలా తేలితే ఎవరిని అనుమానించాలో వేరే చెప్పక్కర్లేదు కదా.

"నేను బజారుకి వెళ్తున్నా," అన్నాడు కొడుకు చెప్పులు వేసుకుంటూ. "ఇలాంటి గుడ్డ ఎక్కడైనా దొరుకుతుందేమో చూస్తా. దొరకదని తెలుసు. ఇక్కడే ఉంటే ఏమంటానో నాకే తెలీదు."

అతను గుమ్మం దిగుతుంటే ఎదురుగా ఈల తాత ఎక్కాడు.

ఈల తాత అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఓడ మీద ఈల ఊది అందర్నీ నిద్రలేపడం, తిండికి పిలవడం, పెద్ద ఆఫీసరు ఓడ ఎక్కినా దిగినా మర్యాదగా ఊదడం, ఇదే ఉద్యోగంగా బతికి రిటైరైనవాడు. పొద్దున్నే వచ్చి షాపు బెంచీ మీద కూర్చుని టీ తాగకపోతే ఆయనకి తెల్లారినట్టుండదు.

"మీవాడు నన్ను చూసి కూడా చూడనట్టు పోయాడేం మాస్టారూ? ఇంట్లో తుపాను హెచ్చరిక గానీ ఎగరేశారా?"

తాత చూపు బల్ల మీదికి పోయింది. చేతులు పంచెకి తుడుచుకుని, ఒక చదరాన్ని మెల్లిగా ఎత్తి పట్టుకున్నాడు.

"కొత్త కాలర్లు," అన్నాడు. "ఇంత ముదురు నీలం చూసి ఎన్నాళ్ళయిందో. నేను చేరిన కొత్తల్లో దీన్ని చూస్తే ఏడుపొచ్చేది."

"ఎందుకు తాతా?" అంది కోడలు. ఆమెకి కబుర్లు వినే తీరిక లేదు. అయినా ఆ షాపులో ఎవరో ఒకరు మామూలుగా మాట్లాడుతూ ఉండడం ఆమెకి కావాలనిపించింది.

"కాలరు ముదురుగా ఉందంటే వీడు నిన్నగాక మొన్న వచ్చాడని అర్థం. ఓడంతా వాడితో ఆడుకుంటుంది. పాతవాళ్ళ కాలర్లు సముద్రపు నీళ్ళకీ ఎండకీ వెలిసిపోయి లేత రంగులో ఉండేవి. అందుకని ఈ షాపుకొచ్చి, కాస్త వెలిసేట్టు చేసివ్వండమ్మా అని లోపలికి కేకేశాను. మీ అత్తగారు లోపల్నుంచి ఏమన్నారో మాస్టారికి గుర్తుందో లేదో."

మామగారి పెదవి చివర కదిలింది. "వెలవాలంటే నువ్వు సముద్రంలో దిగు, నా కాలర్నెందుకు చంపడం, అంది."

"అన్నారు. అన్నాక, రేపు రా అని లోపలే చాకిరేవు పెట్టి నాలుగుసార్లు ఉతికి ఇచ్చారు కూడా. ఆ సంగతి మీకు చెప్పి ఉండరు."

కోడలికి నవ్వొచ్చింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె కూడా అత్తగారి పక్కన కింద కూర్చునే కాలర్లు నేర్చుకుంది. సెలవు దొరికిన సాయంత్రాల్లో షాపు ముందు నావికులు వరసకట్టేవారు. ఒకడికి లాగు అడుగున ఇంకో వేలెడు వెడల్పు కావాలి. తనిఖీకి నిబంధన ప్రకారం ఒక జత, వీధిలో తిరగడానికి సొగసుగా ఇంకో జత. ఒకడు లాగు తిరగేసి అడ్డంగా ఏడు మడతలు పడేట్టు ఇస్త్రీ చేయించుకునేవాడు, ఏడు సముద్రాలట. తెల్లగుడ్డ అంతా బయట మగవాళ్ళ చేతుల్లో, నీలం గుడ్డ లోపల అత్తగారి ఒళ్ళో. ఇంటి నిండా ఆ కొత్త గుడ్డ గంజివాసన. ఆ రోజుల్లో రాత్రి అన్నం తింటుంటే కంచంలో కూడా నీలం పీచు కనబడేది. అప్పుడు విసుక్కుంది గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఆ విసుగు కూడా బాగానే ఉంది.

షాపు పెట్టింది మామగారి తండ్రి. ఓడలతో వచ్చిన ఇంగ్లీషు దర్జీ దగ్గర ఆయన కోత నేర్చుకున్నాడట. దొరల జెండా దిగి మన జెండా ఎగిరిన రోజుల్లో, ఆఫీసర్ల కోట్లకున్న కిరీటం గుండీలు విప్పి కొత్త గుండీలు కుట్టడానికి ఇంటిల్లిపాదీ కూర్చున్నారట. జెండా మారింది, గుండీ మారింది, కోత మాత్రం అలాగే ఉండిపోయింది. దొరలు పోతూ పోతూ పాత ఓడలిచ్చారు, ఈలలిచ్చారు, సెల్యూటు ఎలా కొట్టాలో, గంట ఎన్నిసార్లు మోగించాలో కూడా ఇచ్చి పోయారు. పుచ్చుకున్నవాళ్ళు కొన్నాళ్ళకి అవి ఎవరివో మర్చిపోయి సొంతవిలా వాడుకున్నారు.

"పరాయివాళ్ళు తొడిగిన బట్ట మీద ఇంత మమకారం ఏమిటి తాతా?" అంది కోడలు. "తల మీంచి తొడుక్కోవాలి. విప్పాలంటే ఇంకొకడు లాగాలి. తడిస్తే వీపంతా నీలం. నాకు కొత్తదే బాగుంది. జేబులైనా ఉన్నాయి."

"తొడిగింది వాళ్ళేనమ్మా. ఆ తర్వాత ఉతికిందీ, ఇస్త్రీ చేసుకుందీ, చిరిగితే కుట్టుకుందీ మేం కదా." తాత కాలర్ని బల్ల మీద పరిచి చేత్తో సాపు చేశాడు. "ఇంకొకడు లాగాలన్నావే, అదే మాకు మంచిదైంది. పొద్దున ఎవడితో కొట్టుకున్నా సరే, సాయంత్రం చొక్కా విప్పాలంటే మళ్ళీ వాడే దిక్కు. పలకరించక చస్తామా?"

మామగారు ఈసారి నిజంగానే నవ్వారు.

"ఒకసారి నాలుగైదు దేశాల ఓడలు ఒకే రేవులో కలిశాయి మాస్టారూ. అన్నీ ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ చేతికింద ఉన్న దేశాలే. ఒకడి మాట ఇంకొకడికి అర్థంకాదు. అయినా జెట్టీ మీద వరసగా నిలబెట్టి వెనకనుంచి చూస్తే ఎవడెవడో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. నేను ఈల ఊదితే పక్క ఓడవాళ్ళు కూడా నిటారుగా నిలబడ్డారు. మావాళ్ళ కంటే ముందు నిలబడ్డారు, అది వేరే సంగతి. అక్కడొకడితో దోస్తీ కుదిరింది. మాటల్లేవు, అంతా సైగలే. గుర్తుగా ఉంటుందని కాలర్లు మార్చుకున్నాం. మర్నాడు తనిఖీ. ఆఫీసరు నా వెనక చాలాసేపు నిలబడ్డాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు."

"పోల్చలేదా?"

"పోల్చడానికి తేడా ఉంటేగా. అంటే మీ అత్తగారు కుట్టిన కాలరొకటి ఇప్పటికీ ఏ దేశంలోనో ఎవరి పెట్టెలోనో ఉందన్నమాట."

ఈ మాటకి మామగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. అంతసేపూ నవ్విన మనిషి కళ్ళు తుడుచుకుంటున్నారని కోడలు గమనించింది. ఎందుకో అర్థంకాలేదు. "టీ తెస్తాను," అని లోపలికి వెళ్ళింది.

అత్తగారు వెనక కిటికీ పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్నారు. కళ్ళకి శుక్లాలు తీసి, కట్టు విప్పి ఇంకా వారం తిరగలేదు. నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నారు.

"అద్దాలు పెట్టుకోండి అత్తయ్యా. డాక్టరు చెప్పలేదూ?" అంది కోడలు స్టవ్ మీద టీనీళ్ళు పెడుతూ.

"దారం ఎక్కిందే. మొదటిసారికే ఎక్కింది, చూడు." సూది పైకెత్తి చూపించారు. "ఇందాకట్నుంచీ ఆ కేకలేమిటి? తండ్రీకొడుకులకి మళ్ళీ ఏమొచ్చింది?"

"ఏం లేదత్తయ్యా. గుడ్డ విషయం."

"ఎప్పుడూ ఉండేదేగా. అది సరే గానీ, తెల్ల నాడా ఎక్కడ దాచావు? డబ్బాలో చూశాను, లేదు."

"నాడా ఎందుకు ఇప్పుడు?"

"ఎందుకేమిటే? గీతలు వెయ్యద్దూ? పొద్దున్నే లేచి నాలుగు కాలర్లు కోసి బల్ల మీద పెట్టాను. నువ్వు చూడలేదా?"

కోడలు స్టవ్ ఆర్పేసింది. టీ ఇంకా మరగనే లేదు.

"మీరు కోశారా?" అంది.

"మరెవరు కోస్తారు? బల్ల మీద నీలం గుడ్డ కనబడింది. పాపం నా కళ్ళు బాగయ్యేదాకా ఆగారు గామోసు, ఎన్నాళ్ళని ఆగుతారని చేతిలోకి తీసుకున్నా. సుద్ద పెట్టలేదు, టేపు పట్టలేదు. జానతో కొలిచి కోసేశాను." అత్తగారి మొహం వెలిగిపోతోంది. "అంచు తిన్నగా వచ్చిందే. మూలలు తిన్నగా వచ్చాయి. పోయిన ఏడాది నేను కోసినవాటికి మూలలు ఎలా పోయేవో నీకు తెలుసుగా, వంకరపోయినవన్నీ నువ్వు నాకు తెలియకుండా సరిచేసేదానివి. తెలీదనుకున్నావు. తెలుసు."

కోడలు ఆర్పిన స్టవ్ మీంచి టీగిన్నె దించింది.

"మీ మామయ్య వాకింగు నుంచి రాగానే చూపించాను. కోత ఎలా ఉంది అని అడిగితే ఒక్క ముక్క మాట్లాడలేదు. కళ్ళనీళ్ళు తిరిగాయి ఆయనకి. నేను చూడలేదనుకున్నారు. ఇప్పుడు నాకన్నీ కనబడుతున్నాయి మరి."

ఆవిడ తప్పేముంది ఇందులో? ఈ ఇంటికి నీలం గుడ్డ ఎప్పుడొచ్చినా కాలర్లకే వచ్చింది. ఇక కాలర్లే ఉండవన్న సంగతి ఆవిడకి ఎవరు చెప్పారు గనక? కళ్ళకి కట్టుతో పడుకున్న మనిషికి ఇప్పుడెందుకన్నారు మామగారు. ఏడిస్తే కళ్ళకి మంచిది కాదన్నాడు డాక్టరు. సరేలే, కట్టు విప్పాక చూద్దామనుకున్నారు ముగ్గురూ. కట్టు విప్పారు. ఎవరికి వారు ఇంకొకరు చెబుతారని ఊరుకున్నారు. ఆ నాడా ఉండలన్నీ మూటకట్టి అటక మీద పడేసింది కోడలే. కొత్త యూనిఫారం కావాలని గేటు చుట్టూ తిరిగిందీ ఆమే.

"నాడా వెతికి తెస్తాను," అని అక్కడినుంచి బయటపడింది.

షాపులో ఈల తాత లేడు. ఇంటి వాతావరణం పసిగట్టి టీ కోసం కూడా ఆగకుండా జారుకున్నాడు.

"మామయ్యా," అంది. "అత్తయ్య నన్ను నాడా అడిగారు."

ఆయన సుద్దబిళ్ళ కింద పెట్టేశారు. "వాడికి చెప్పకు," అన్నారు.

"చెబితే ఆయన అప్పుడే చల్లబడతారు కదా. తల్లి చేసిందంటే ఎవరేమంటారు?"

"వాడు చల్లబడతాడు. మీ అత్త ఊరుకుంటుందా? తప్పేమిటని అడుగుతుంది. అడిగితే కాలర్లు ఇక లేవని చెప్పాలి. ఎవరు చెబుతారు, నువ్వు చెబుతావా?"

కోడలు బల్ల మీది పీలికలు ఏరసాగింది.

"మా నాన్న మొదటిసారి దాని ఒళ్ళో నీలం గుడ్డ పెట్టినప్పుడు దానికి సూది పట్టడమే రాదు," అన్నారు మామగారు. "మూడో గీత దగ్గరికొచ్చేసరికి వంకరపోయేది. విప్పడం, మళ్ళీ కుట్టడం. వేలికి గుచ్చుకుని రక్తం అంటుకుంటే తెల్ల నాడా మొత్తం మార్చేది. పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం మాట్లాడుకున్నది తక్కువే, ఆ కాలర్లు ఇచ్చిపుచ్చుకున్నదే ఎక్కువ. ఇవాళ పొద్దున అది నా ముందు ఆ నాలుగు ముక్కలూ పెట్టి నవ్వుతుంటే, ఇవి అక్కర్లేదని ఏ నోటితో చెప్పను?"

"మరి షాపు సంగతి?"

"గుడ్డని బల్ల మీద వదిలేసింది నేను. రేపు రేపంటూ ఆపింది నేను. నాకు మనసొప్పలేదు, ఆ మాట నిజం. కాబట్టి తప్పు నాదంటే అబద్ధం ఏమీ కాదు. వాడు తిట్టనీ, పడతాను. నువ్వు మాత్రం నోరు జారకు తల్లీ. నాకు మాటివ్వు."

ఆయన మీద కోపం రావాలి. కోపం వచ్చింది కూడా. ఇంత ప్రేమని ఇన్నేళ్ళూ ఏ అటక మీద దాచారో అని ఏడుపూ వచ్చింది. మింగలేక కక్కలేక కోడలు తలూపింది.

మొగుడు తిరిగొచ్చేసరికి ఎండ గుమ్మం దాటి లోపలికొచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి.

"దొరకలేదు. ఆ రంగు బజారులో అమ్మరట, మిల్లులో నౌకాదళం కోసమే అద్దుతారట." నేరుగా తండ్రి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ముందున్న పెద్ద కత్తెర తీసుకున్నాడు. తాతల నాటి కత్తెర, పట్టుకునే చోట ఇత్తడి అరిగిపోయి మెరుస్తూ ఉంటుంది. "ఇవాళ్టినుంచి ఇది మీరు ముట్టుకోవద్దు."

"సరే," అన్నారు మామగారు.

"సరేనా? ఇంతేనా మీరు చెప్పేది?"

"సరే అన్నానుగా."

"కత్తెర అక్కడ పెట్టండి," అంది కోడలు.

"నువ్వు మధ్యలో రాకు."

"పెట్టండి ముందు. నేను స్టోర్సుకి వెళ్తున్నాను. గుడ్డ నేనే పాడుచేశానని చెబుతాను. ఇంకో ముక్క, ఇంకో రోజు అడుగుతాను. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

"నువ్వు పాడుచేశావా? నువ్వెందుకు నెత్తిన వేసుకోవాలి? చేసినాయన ఇక్కడే కూర్చున్నాడుగా రాయిలా."

"ఏం పాడయింది?"

ముగ్గురూ ఒక్కసారి తిరిగి చూశారు. లోపలి గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు. బయటికి వెళ్ళేటప్పుడు కట్టుకునే బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, నల్లకళ్ళద్దాలు సరిగ్గా పెట్టుకుని ఉన్నారు.

"ఏరా, మీ నాన్న కత్తెర నీ చేతిలో ఏం చేస్తోంది?"

అత్తగారు బల్ల దగ్గరికొచ్చి చదరాలని ఒక్కొక్కటే తడిమారు.

"ఇవేనా పాడయ్యాయంటున్నారు? ఏ మూల పాడయింది, చూపించు. నేనే కోశాను కదా పొద్దున."

కొడుకు తల్లి మొహం చూశాడు, తర్వాత తండ్రి మొహం చూశాడు. కత్తెరని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి, ఆయన చేతివైపు కొంచెం జరిపాడు. "నాన్నా," అన్నాడు. మామగారు కత్తెర వైపు చూడలేదు. భార్య వైపే చూస్తున్నారు.

"పాడవలేదమ్మా," అన్నాడు కొడుకు చివరికి. "బాగానే ఉన్నాయి."

"బాగుంటే ఈ మొహాలేమిటి?" అత్తగారు కాలర్లని మడతపెట్టి సంచిలో వేసుకున్నారు. "పద అమ్మాయ్. స్టోర్సుకన్నావుగా, నేనూ వస్తాను."

"ఎండ ఎక్కువగా ఉందత్తయ్యా."

"నల్లద్దాలు అందుకే ఇచ్చారు. ఇన్నేళ్ళు వాళ్ళకి కుట్టాను, ఒక్కసారి ఆ గేటు దాటి లోపలికి వెళ్ళింది లేదు. అంతమంది వరసగా నిలబడితే నా కాలర్లు ఎలా ఉంటాయో చూడలేదు. ఇప్పుడు కళ్ళొచ్చాయి. ముందు అదే చూద్దామనే తయారయ్యాను."

"నేను తీసుకెళ్తాలే, రేపు," అన్నారు మామగారు లేస్తూ.

"మీ రేపులన్నీ నాకు తెలుసు లెండి," అని ఆవిడ మెట్లు దిగారు.

కోడలు పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంది. గేటు దాకా పోయే ఆ వీధంతా ఓడల వాళ్ళ కోసమే పుట్టినట్టుంటుంది. టోపీల కొట్టు, టోపీ చుట్టూ కట్టే రిబ్బన్ల మీద బంగారు అక్షరాలు కుట్టే కొట్టు, రేకు పెట్టెల కొట్టు. అత్తగారు ప్రతి కొట్టు ముందూ ఆగుతున్నారు. రంగులు ఇంత ముదురుగా ఉంటాయని మర్చిపోయానే అంటున్నారు. టోపీల ఆయన లేచి నమస్కారం పెట్టి, కోడలి మొహం చూసి, ఏదో అడగబోయి మానుకున్నాడు. కాలర్లు పోతున్న సంగతి వీధిలో అందరికీ తెలుసు మరి.

ఎదురుగా డ్యూటీ దిగిన నావికులు కొందరు నవ్వుకుంటూ వచ్చి పక్కనుంచి దాటిపోయారు. సముద్రపు గాలికి వాళ్ళ నీలం కాలర్లు వీపుల మీద లేచి పడుతున్నాయి. అత్తగారు వెనక్కి తిరిగి, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డారు.

"ఆ చివరివాడిది నా చేతిదే," అన్నారు. "ఆ రెండోవాడిది నువ్వు కుట్టింది. నీ మూడో గీత ఎప్పుడూ అంచుకి కాస్త దగ్గరగా పోతుంది."

"అవునత్తయ్యా."

"ఎంత బాగున్నారే కుర్రాళ్ళు."

కోడలు తల వంచుకుని నడిచింది. గేటు కనబడుతోంది. అత్తగారు ఆమె చెయ్యి వదలకుండానే, గొంతు కూడా మార్చకుండా అన్నారు.

"నేను కళ్ళకి కట్టుతో పడుకున్నప్పుడు మీ ముగ్గురూ నా గదిలోకి రాగానే మాటలు మార్చేవారు. కట్టు కళ్ళకే కట్టారమ్మా, చెవులకి కాదు. కాలర్లకి ఏదో అయింది. అదేమిటో నాకు తెలీదు. ఇందాక నువ్వు నాడా తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇక్కడినుంచి గేటు దాకా నువ్వు చెప్పడానికి వీలుంది. నువ్వు చెబితే ఇంటి మనిషి నోట విన్నానని సర్దుకుంటాను. లేదంటే ఆ ఆఫీసరు నోట వినాలి. ఏది బాగుంటుందో నువ్వే చూడు."

కోడలు ఆగిపోయింది. మామగారికిచ్చిన మాట గుర్తొచ్చింది, సాయంత్రం మూసే స్టోర్సు గుర్తొచ్చింది, డాక్టరు చెప్పింది గుర్తొచ్చింది. రేకు పెట్టెల కొట్టు పక్కన కాస్త నీడ ఉంటే ఆవిడని అక్కడికి నడిపించింది.

"చెబుతాను," అంది. "ఏడవనని ముందు మీరు నాకు మాటివ్వాలి అత్తయ్యా."

అత్తగారు అద్దాలు పైకెత్తి ఆమె మొహంలోకి చూశారు.

"ఇస్తాను, అదెంతసేపు," అన్నారు. "మరి నువ్వెందుకు ఏడుస్తున్నావు?"